అరకులో తోటేది తాతయ్యా?

పిల్లలూ,

అరకు నుంచి మీరు రాసిన ఉత్తరం అందింది. “కాఫీ తోటలు చూపిస్తామని తీసుకొచ్చారు. తీరా చూస్తే అంతా అడవే, తోటేది తాతయ్యా?” అని అడిగారు. మీరు నిలబడిందే తోట! అందరూ తలెత్తి సిల్వర్ ఓక్ చెట్లు చూస్తారు, వాటి కింద నిగనిగలాడే ముదురాకుపచ్చ మొక్కల్ని పట్టించుకోరు.

ఎండాకాలం ముంగిట్లో తాటాకు పందిరి వేస్తాం కదా, కాఫీ మొక్కకూ అదే కావాలి. దాని పుట్టిల్లు ఇథియోపియా అడవులు, పెద్ద చెట్ల చాటున పెరిగిన జాతి. ఎండ సూటిగా కొడితే ఆకు మాడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు కాండం తొలిచే పురుగు. ఎండకు వెచ్చబడ్డ కాండం మీద, బెరడు పగుళ్ళలో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు లోపల్లోపలే తొలుచుకుపోతుంది. ఆకులు పసుపెక్కి వాలాక చేసేదేం లేదు, మొక్కను వేళ్ళతో సహా పీకి కాల్చేయడమే.

అలాగని పందిరి మరీ దట్టమైనా కుదరదు. చీకట్లో పూత రాదు, తేమకు తెగుళ్ళు పడతాయి. తాటాకు సందుల్లోంచి రూపాయి బిళ్ళలంత ఎండ పడుతుందే, అలా ఉండాలి. అందుకే వానలకు ముందు ఓక్ చెట్ల పక్కకొమ్మలు నరుకుతారు, మబ్బు రోజుల్లో వెలుతురు తగ్గకుండా. మళ్ళీ ఎండలు ముదిరేసరికి గుబురు కమ్ముకోవాలి. పందిరి గుంజకు చిక్కుడు పాదు పాకించినట్టే ఓక్ మానుకు మిరియాల తీగ ఎక్కిస్తారు. కాఫీ ధర పడిపోయిన ఏడు గిరిజన రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడించేది ఆ మిరియాలే. మన పందిరి గుంజలు చిగురించవు, ఇవి చిగురిస్తాయి. పోలిక అక్కడ ఆపేస్తాను.

కోత నవంబరు నుంచి జనవరి దాకా. ఎర్రగా పండినవే ఏరాలి. కొమ్మంతా దూస్తే పచ్చికాయలు కలిసి కాఫీ వగరెక్కుతుంది. కోసిన రోజే పల్పర్‌లో తోలు తీయాలి, తెల్లారితే పులుపు వాసన పట్టేస్తుంది. గింజకు అంటిన జిగురు పోవడానికి ఒక రోజు పైగా పులియబెట్టి, కడిగి, నేలకు తగలకుండా వలబల్లల మీద పలచగా పరిచి వారం పది రోజులు ఆరబెడతారు. మట్టి మీద ఆరేస్తే మట్టి కంపే. ఇంతా చేస్తే సుమారు ఆరు కిలోల పండ్లకు కిలో గింజలు! కష్టం ఊరికే పోలేదు లెండి, 2019లో అరకులో పండే అరబికా రకం కాఫీకి భౌగోళిక గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతపు పంటకే చెల్లుతుందనే ముద్ర) దక్కింది.

మీరెక్కిన రైలు సంగతి కూడా చెప్పాలి. కొత్తవలస–కిరండూల్ మార్గంలో 58 సొరంగాలు తవ్వింది మన విహారానికి కాదు, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి. అద్దాల పెట్టెల్లో కూర్చుని చూసేవాళ్ళు తర్వాత వచ్చారు.

మళ్ళీ వెళ్తే మార్చి, ఏప్రిల్ నెలల్లో మంచి వాన పడ్డాక వారం పది రోజులకు వెళ్ళండి. కొమ్మలన్నీ ఒక్కసారిగా తెల్లగా పూస్తాయి, మల్లెల్లాంటి వాసన. రెండు మూడు రోజులే ఉంటుంది. కోతకాలంలో వెళ్తే మాత్రం రైతును అడిగి ఒక్క పండు తీసుకోండి. నొక్కితే రెండు గింజలు జారతాయి, తోలు లోపలి వైపు నాకి చూడండి, తియ్యగా ఉంటుంది. గింజ కొరక్కండి.

ఆశీస్సులతో,
తాతయ్య