రిటైర్మెంట్ డబ్బు: గుంటూరులో నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

శాలువా కప్పించుకున్న పది రోజులకి నా దగ్గరికి వస్తారు చాలామంది. మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగులు నెలాఖరున రిటైరవుతారు కాబట్టి, ప్రతి నెలా పదో తారీఖు దాటాక అరండల్‌పేటలోని నా చిన్న ఆఫీసులో కుర్చీలు చాలవు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు, అందులో గ్రాట్యుటీ కాగితాలు, పీఎఫ్ లెక్క, పక్కన కాస్త అనుమానంగా చూసే భార్య. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎంతుంటే సరిపోద్దండీ?"

నేను తిరిగి రెండు ప్రశ్నలు అడుగుతాను. ఉన్నది ఎవరి పేరున ఉంది? రేపు పొద్దున అవసరం పడితే ఎన్నాళ్లకి చేతికొస్తుంది? రిటైరైనవాళ్లకి డబ్బు సలహాలిచ్చే ఈ పని పద్దెనిమిదేళ్లుగా చేస్తున్నాను. డబ్బు తక్కువై ఇబ్బంది పడ్డవాళ్లని చూశాను. కానీ కోట్ల ఆస్తి ఉండీ మందుల షాపులో ఖాతా పెట్టినవాళ్లని అంతకంటే ఎక్కువ చూశాను. కింద రాసినవన్నీ ఆ కుర్చీల్లో కూర్చుని నాతో అన్న మాటలే.

అపోహ: "కోటి ఉంటే కాలు మీద కాలేసుకోవచ్చు."

కోటి అనేది ఒక అంకె మాత్రమే. ఇప్పుడు మీ ఇంటి ఖర్చు నెలకు 40,000 అనుకోండి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో అదే ఖర్చు 80,000 అవుతుంది, ఇంకో పన్నెండేళ్లకి 1,60,000. ఈ లెక్కకి కాలిక్యులేటర్ అక్కర్లేదు, 72ని ధరల పెరుగుదల శాతంతో భాగిస్తే ఎన్నేళ్లలో రెట్టింపు అవుతుందో తెలుస్తుంది. అరవైకి రిటైరైన మనిషి ఎనభై నాలుగేళ్లు బతకడం ఇప్పుడు వింతేమీ కాదు. కోటి మొత్తం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి వడ్డీ అంతా ఖర్చు పెట్టుకుంటూ పోతే, ఇరవై నాలుగో ఏట కూడా కోటి అలాగే ఉంటుంది. కొనగలిగేది మాత్రం పావు వంతే.

అందుకే నేను డబ్బుని మూడు ముక్కలు చేయమంటాను: నెలనెలా రావాల్సింది, ఆపదకని దాచాల్సింది, పదేళ్ల దాకా ముట్టుకోనిది. మొదటి దానికి పోస్టాఫీసే నా మొదటి సలహా. అరవై దాటినవాళ్ల సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీముకి 2023 ఏప్రిల్‌లో పరిమితి 15 లక్షల నుంచి 30 లక్షలకి పెంచారు, వడ్డీ 8.2 శాతం చేశారు. చేరిన రోజు రేటు అయిదేళ్లూ మారదు. 30 లక్షలకి మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. 55 దాటి రిటైరైనవాళ్లు కూడా, రిటైర్మెంట్ డబ్బు అందిన మూడు నెలల్లోపు అయితే చేరొచ్చు. చాలామంది బ్యాంకు వాళ్లు ఈ మాట చెప్పరు, వాళ్ల డిపాజిట్ పోతుంది కదా.

మూడో ముక్క అంటే ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లు. "ఈ వయసులో షేర్లా?" అని మొహం చిట్లించేవాళ్లకి నేను ఒకటే చెప్తాను: ఆ డబ్బు మీ అరవయ్యో ఏటిది కాదు, మీ డెబ్భై అయిదో ఏటిది.

అపోహ: "స్థలం ఉంది కదా, కావాల్సినప్పుడు అమ్ముకుంటాం."

ఇది మన రెండు జిల్లాల జబ్బు. గుంటూరు, విజయవాడల మధ్య రిటైరైన వాళ్లలో కాస్త స్తోమత ఉన్న పదిమందిని పిలవండి, కనీసం ఆరుగురికి ఎక్కడో ఒక ప్లాటు ఉంటుంది. మంగళగిరి వైపో, తాడికొండ వైపో, పెదకాకాని దగ్గరో. 2014 చివర్లో రాజధాని ప్రకటన వచ్చినప్పుడు కొన్నవాళ్లు, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక ఏం చూశారో నాకు బాగా తెలుసు. ధర తగ్గడం సంగతి అలా ఉంచండి, అసలు కొనేవాడే కనిపించలేదు. 2020లో ఒక రిటైర్డ్ లెక్చరర్‌గారికి భార్య వైద్యానికి డబ్బు కావాల్సి వచ్చింది. కాగితం మీద ఆయన ఆస్తి కోటిన్నర. చివరికి బావమరిది దగ్గర చేబదులు తీసుకున్నారు. 2024లో ప్రభుత్వం మారాక అదే ప్లాటుకి ఫోన్లు మొదలయ్యాయి. అప్పటికి ఆ అవసరం దాటిపోయింది, ఆవిడ కూడా లేరు.

స్థలం చెడ్డదని నేను అనను. నాకూ ఒకటి ఉంది, మా ఆవిడ పట్టుబట్టి కొనిపించింది. కానీ అది ఆస్తి, ఆదాయం కాదు. ఇల్లు అద్దెకిచ్చుకున్నా లెక్క వేసి చూడండి: 80 లక్షల ఇంటికి నెలకు 15,000 అద్దె వస్తే ఏడాదికి 1,80,000, అంటే రెండుంపావు శాతం. ఇంటి పన్ను, సున్నాలు, మోటారు రిపేర్లు తీస్తే ఇంకా తక్కువ. రెండో ఇల్లు ఉండి నెల ఖర్చుకి కటకటలాడేవాళ్లకి ఒకటి అమ్మేయమని చెప్తే, నేనేదో వాళ్ల ఇంటి ఆడపిల్లని తక్కువ సంబంధానికి ఇమ్మన్నట్టు చూస్తారు.

గుంటూరులో ఇంకో ముచ్చట కూడా ఉంది: మిర్చి. రిటైర్మెంట్ డబ్బుతో నాలుగొందల టిక్కీలు (మిర్చి బస్తాలు) కొని కోల్డ్ స్టోరేజీలో వేయడం. పక్కింటాయన ఒక సీజన్లో బాగా మిగుల్చుకున్నాడని వినడమే దానికి ఆధారం. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకి 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. అంతకు ముందు ఇరవై వేలు దాటిన ధర చూసి కొని పెట్టుకున్నవాళ్లు కోల్డ్ స్టోరేజీ అద్దె కడుతూ కూర్చున్నారు. యార్డులో ముప్పై ఏళ్లు గడిపిన కమీషన్ వ్యాపారికే అందని లెక్క అది. లెక్కల మాస్టారికి ఎలా అందుతుంది?

అపోహ: "బ్యాంకులో ఏముందండీ, మనవాళ్లకిస్తే రెండు రూపాయల వడ్డీ."

నూటికి నెలకు రెండు అంటే ఏడాదికి 24 శాతం. అంత వడ్డీ కట్టి నిలబడే వ్యాపారం ఏముంటుందో ఒక్క నిమిషం ఆలోచించండి. ఇచ్చే తీరాలంటే కనీసం జాగ్రత్తలు పాటించండి. 20,000 లేదా అంతకు మించి అప్పు నగదుగా చేతులు మారకూడదని ఆదాయపు పన్ను చట్టం చెప్తుంది, కాబట్టి బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. ప్రోనోటుకి మూడేళ్లే ప్రాణం. ఆ లోపు కొంత డబ్బు కట్టించుకుని నోటు వెనక చెల్లు వేయించి సంతకం తీసుకోకపోతే కోర్టులో అది చిత్తు కాగితమే. "మనవాడే, చెల్లు అడిగితే ఏమనుకుంటాడో" అని మొహమాటపడి మునిగినవాళ్లని నేను లెక్కపెట్టడం మానేశాను.

బ్యాంకు డిపాజిట్లకి 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి 5 లక్షల దాకా బీమా ఉంది, అసలూ వడ్డీ కలిపి. కోఆపరేటివ్ బ్యాంకులకీ ఉంది. పేరులో "క్రెడిట్ సొసైటీ" అని ఉండి, బోర్డు మాత్రం బ్యాంకులా మెరిసేవాటికి లేదు. అర శాతం ఎక్కువ వడ్డీకి ఆశపడే ముందు ఆ తేడా అడిగి తెలుసుకోండి.

అపోహ: "ఇల్లు అబ్బాయి పేర రాసేస్తే నా బాధ్యత తీరిపోద్ది."

ఇక్కడే నాకు ఎక్కువ మాటలు ఖర్చవుతాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లి దాన సెటిల్మెంట్ రిజిస్టర్ చేస్తే, ఆ క్షణం నుంచి ఇల్లు అబ్బాయిది. మీ మనసు మారిందని దాన్ని మీ అంతట మీరు రద్దు చేసుకోలేరు. అబ్బాయి మంచివాడే కావచ్చు. రేపు అతనికి వ్యాపారంలో అప్పులైతే? విడాకుల కేసు పడితే? మీకంటే ముందు అతనే పోతే? ఈ మూడూ నేను చూశాను. మూడో సందర్భంలో ఆ తల్లి తన వంటింట్లోనే అద్దెకున్న మనిషిలా మెలగాల్సి వచ్చింది.

"చట్టం ఉందిగా" అంటారు. ఉంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు, నెలకు 10,000 మించకుండా పోషణ ఖర్చు ఇప్పిస్తారు. సెక్షన్ 23 కింద దస్తావేజు రద్దు చేయించే వీలూ ఉంది. అయితే పోషించాలన్న షరతు మీద రాసిచ్చామని చూపించగలగాలి. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. 2025 జనవరిలో ఇంకో తీర్పులో ఈ చట్టాన్ని పెద్దలకి మేలు జరిగేలా ఉదారంగా చదవాలంది, కానీ ఆ కేసులో కొడుకు రాసిచ్చిన హామీ కాగితం ఉంది. మీ దగ్గర ఏముంది? మాటేగా?

కాబట్టి వీలునామా రాయండి. మీరు బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, చివరిది చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే రేపు తగువు తగ్గుతుంది. ఇద్దరు సాక్షులు మాత్రం ఉండి తీరాలి. కాదు, ఇప్పుడే రాసివ్వాలి అంటే, "నేనూ నా భార్యా జీవించి ఉన్నంత కాలం ఈ ఇంట్లో నివసించే, అద్దెలు అనుభవించే హక్కు మాదే, పోషణ, వైద్యం చూడాలన్న షరతు మీదే ఇస్తున్నాను" అని దస్తావేజులో రాయించండి. దస్తావేజు లేఖరి "అదెందుకండీ, ఇంట్లోవాళ్లేగా" అంటాడు. అన్నా రాయించండి.

అపోహ: "నామినీ పేరుంది, ఇక వీలునామా ఎందుకు?"

బ్యాంకు డబ్బు విషయంలో నామినీ అంటే అందుకునేవాడు, సొంతదారు అని కాదు. అందుకున్నాక వారసులకి లెక్క చెప్పాల్సిందే. 2025 నవంబరు నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురిని నామినీలుగా పెట్టుకోవచ్చు. అయినా వీలునామా వీలునామాయే.

అపోహ: "ప్రభుత్వ కార్డుంది, ఆరోగ్య బీమా దండగ."

డెబ్భై దాటిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి 5 లక్షల వైద్యం 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. రిటైరైన రాష్ట్ర ఉద్యోగులకి ఈహెచ్‌ఎస్, అంటే ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉంది. కార్డు ఉండటం వేరు, మీరు నమ్మే ఆసుపత్రి దాన్ని తీసుకోవడం వేరు. ఒకసారి వెళ్లి అడిగి రండి, రోగం రాకముందే. సొంత పాలసీ తీసుకుంటే ఉన్న జబ్బులకి గరిష్ఠంగా మూడేళ్లు ఆగాల్సి రావచ్చు, అందుకే అరవై వచ్చేదాకా చూడకండి. బీపీ, షుగర్ దాచిపెట్టి పాలసీ తీసుకోమని చెప్పే ఏజెంటుని గుమ్మం దాకా కూడా రానివ్వకండి.

అపోహ: "ఈ లెక్కలన్నీ మా ఆవిడకెందుకు?"

ఎందుకంటే మీ తర్వాత ఉండేది ఎక్కువగా ఆవిడే. ప్రైవేటు ఉద్యోగులకి ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే ఉద్యోగుల పింఛను పథకం) పింఛను ఎలాగూ తక్కువ, 15,000 జీతం పరిమితి మీద పూర్తి ముప్పై అయిదేళ్ల సర్వీసుకి కూడా సుమారు 7,500 వస్తుంది. భర్త పోయాక అందులో వచ్చేది సగం. నేను పెట్టే పరీక్ష ఒకటుంది. భర్తని కాసేపు బయట టీ తాగి రమ్మని, ఆవిడని అడుగుతాను: "అమ్మా, మీ డిపాజిట్లు ఏ ఏ బ్యాంకుల్లో ఉన్నాయి?" చాలాసార్లు సమాధానం నవ్వే. ఒక పెద్దమ్మ మాత్రం గడగడా చెప్పి, ఆయనకి తెలియని ఒక రికరింగ్ డిపాజిట్ గురించి కూడా చెప్పి, "ఆయనకి చెప్పొద్దు బాబూ" అంది. చెప్పలేదు.

అపోహ: "ఏం చేయాలో రిటైరయ్యాక చూసుకోవచ్చు."

ఎన్టీఆర్ స్టేడియంలో పొద్దున్నే నడిచే గుంపులో ఎవర్నైనా అడగండి, ఆరున్నరకి నడక అయిపోయాక మిగిలిన రోజు ఎంత పొడుగో చెప్తారు. ఆర్టీసీలో చేసి రిటైరైన ఒకాయన వారానికి రెండుసార్లు నా దగ్గరికి వచ్చేవాడు, వడ్డీ రేట్లు అడగడానికి. మొన్న అడిగిన రేటే మళ్లీ అడిగేవాడు. నాలుగు నెలలకి గానీ నాకు అర్థం కాలేదు, ఆయన వచ్చేది రేటు కోసం కాదని. పిల్లలిద్దరూ డల్లాస్‌లో ఉన్నారు. ఇంట్లో టీవీ ఒకటే మాట్లాడుతుంది.

ఒకరోజు పోస్టాఫీసుకి తోడు తీసుకెళ్లాను. అక్కడ ఒక ముసలావిడ ఫారం పట్టుకుని అటూ ఇటూ చూస్తుంటే ఈయన కూర్చోబెట్టి నింపిపెట్టాడు. పాతికేళ్లు కంట్రోలర్‌గా రాసిన రాత, ముత్యాల్లా ఉంది. మర్నాడు తనే వెళ్లాడు. ఇప్పుడు రోజూ పదిన్నరకి అక్కడి బల్ల మీద ఉంటాడు, సొంత పెన్ను, సొంత జిగురు సీసాతో. నా దగ్గరికి రావడం మానేశాడు గానీ మనుషుల్ని పంపుతున్నాడు. పోయిన నెల ఒక పెద్దావిడ వచ్చి, ఇంకా కుర్చీలో సరిగా కూర్చోకుండానే అంది: "స్థలం నా పేరనే ఉందండీ, అమ్మాలంటే మాత్రం ఆర్నెల్లు పడుద్ది. ఈ రెండూ ముందే చెప్పేయమన్నారు ఆయన."