బెయిల్ వస్తే కేసు అయిపోయినట్టేనా?

"బెయిల్ వచ్చేసింది కదా సార్, మళ్లీ కోర్టుకెందుకు?" క్రిమినల్ కేసులు చూసే లాయర్లలో ఈ మాట విననివాళ్లు ఉండరు. బెయిల్ వస్తే కేసు పోయినట్టే అనుకుని మళ్లీ జైలుకెళ్లిన వాళ్లను చూశాను కాబట్టి ముందు దీని సంగతే చెప్తాను.

బెయిల్ వచ్చేనాటికి చాలా కేసుల్లో విచారణ మొదలే కాదు. పిలిచినప్పుడల్లా వస్తానని మీరు బాండు రాసిచ్చారు, జామీనుదారులు పూచీ పడ్డారు, కోర్టు మిమ్మల్ని బయట ఉండనిచ్చింది. అంతే. ఛార్జిషీటు, అంటే దర్యాప్తు ముగించి పోలీసులు కోర్టులో వేసే అభియోగపత్రం, పడి సమన్లు వచ్చేసరికి ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఈలోపు ఇల్లు మారతారు. కేసు కొట్టేశారట అని ఎవరో చెప్తే నమ్మేస్తారు. వాయిదా రోజున మీరూ రాక, ఆ రోజు రాలేకపోయినందుకు మన్నించమని మీ లాయరు గైర్హాజరు పిటిషనూ వేయకపోతే నాన్ బెయిలబుల్ వారెంట్, అంటే మిమ్మల్ని పట్టుకుని కోర్టులో హాజరుపరచమని పోలీసులకిచ్చే ఆదేశం, జారీ కావచ్చు. ఎన్నేళ్లు గడిచినా దానికి కాలం తీరదు. పోలీసులు అమలు చేయాలి, లేదా కోర్టే రద్దు చేయాలి. పైగా బెయిల్ మీద ఉండి సరైన కారణం లేకుండా రాకపోతే భారతీయ న్యాయ సంహిత 269 సెక్షన్ కింద అది వేరే నేరం, ఏడాది దాకా జైలు పడొచ్చు.

ఇందులో నాకు ఎక్కువ బాధ కలిగించేది జామీనుదారుల పరిస్థితి. పని కోసం వేరే రాష్ట్రం వెళ్లిన ఒక కుర్రాడు వాయిదాలు మానేశాడు. బాండు సొమ్ము ఎందుకు వసూలు చేయకూడదో చెప్పమని కోర్టు నోటీసు అతని మేనమామకు వచ్చింది. "సంతకం పెడితే చాలన్నారు సార్" అంటూ ఆ పెద్దాయన వణికిపోయారు. కుర్రాణ్ణి రప్పించి, కోర్టులో హాజరుపరిచి, అతని మీదున్న వారెంట్ రీకాల్ (రద్దు) చేయించాం. పోలీసులు పట్టుకునేదాకా ఆగి ఉంటే రిమాండుకు వెళ్లేవాడేమో. తనంతట తాను వచ్చి నమ్మదగ్గ కారణం చెప్పిన మనిషిని కోర్టు చూసే తీరు వేరుగా ఉంటుంది.

"90 రోజులు దాటితే కేసు పోతుంది" అనేది ఇంకో పుకారు. కేసు ఎక్కడికీ పోదు. నేరాన్ని బట్టి 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే, కస్టడీలో ఉన్న మనిషికి బెయిల్ హక్కు వస్తుంది. అదీ అడిగితేనే. అడిగేలోపు ఛార్జిషీటు పడితే ఆ హక్కు పోతుంది.

నాన్ బెయిలబుల్ నేరం అంటే బెయిలే రాదని కాదు, ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు విచక్షణ. ఎఫ్ఐఆర్‌లో పేరుంటే నేరం రుజువైనట్టు కాదు, దర్యాప్తు మొదలైందని మాత్రమే. ఊళ్లో పెద్దల ముందు రాజీపడితే కేసు పోదు, ఆ రాజీ కోర్టు రికార్డులోకి ఎక్కాలి. అన్ని సెక్షన్లకూ రాజీ కుదరదు కూడా.

బెయిల్ వచ్చాక కోర్టు ముఖం చూడనివాళ్లు ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు నంబరుతో గానీ, పోలీస్ స్టేషన్, ఎఫ్ఐఆర్ నంబరుతో గానీ వెతకండి. వాయిదా ఎప్పుడుందో కనిపిస్తుంది. వారెంట్ ఉందని తెలిస్తే కంగారుపడి ఊరు వదిలి వెళ్లకండి, లాయరును వెంటబెట్టుకుని నేరుగా కోర్టుకే రండి.