లేసు అల్లింది వాళ్లు, ధర కట్టింది వేరొకరు: నరసాపురం పరిశ్రమ నేపథ్యం

కొక్కెం సూదితో అల్లే నరసాపురం క్రోషె లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ ట్యాగ్, దక్కింది. పేరుకు రక్షణ దొరికింది. అల్లేవాళ్ల కూలి సంగతేమిటన్న ప్రశ్న మాత్రం చాలా పాతది.

నరసాపురం ఉన్న గోదావరి డెల్టాకు విదేశీ వ్యాపారం కొత్త కాదు. 17వ శతాబ్దంలోనే పాలకొల్లులో డచ్చివాళ్లు, నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్లు స్థావరాలు పెట్టి నేతబట్టలు కొన్నారు. ఇంగ్లండు మిల్లుబట్ట దిగాక ఆ ఎగుమతి కుప్పకూలింది. ఆ తర్వాత, 19వ శతాబ్దం నడుమ, క్రైస్తవ మిషనరీల ఇళ్ల నుంచి లేసు వచ్చింది. కొత్తగా మతంలో చేరిన పేద కుటుంబాల ఆడవాళ్లకు జీవనాధారంగా ఉంటుందని నేర్పారు. ఎగువన కోయల సీమ దుమ్ముగూడెంలోనూ మిషన్ ఇదే పని నేర్పింది. కానీ ఊరూరా పాకి పరిశ్రమగా నిలిచింది మాత్రం డెల్టాలోనే.

ఎందుకు నిలిచిందో చూస్తే అంత గొప్పగా ఏమీ అనిపించదు. పొలానికి వెళ్లడం పరువు తక్కువనుకునే కాపు ఇళ్లలో సైతం గడప దాటకుండా చేసుకోగలిగే పని ఇది. సూది, దారం ఉంటే చాలు. వంటా పిల్లలూ చూసుకుంటూ మధ్యమధ్య అల్లుకోవచ్చు. సరిగ్గా ఆ సౌకర్యమే వాళ్లకు ఉరి అయింది. ఇంట్లో చేస్తున్నది కనక అది పనే కాదు, ‘ఖాళీ టైములో కాలక్షేపం’ అన్నారు!

1977-78లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడికొచ్చి పరిశీలించింది ఈ సంగతినే. రోజుకు ఆరేడు గంటలు అల్లే వాళ్లు కూడా లెక్కల్లో గృహిణులే. పనిని ముక్కలు చేశారు: పువ్వులు అల్లేది ఒకరు, అతుకుపని ఇంకొకరు. ఒకామె అల్లిన ముక్క చివరికి దుప్పటి అయిందో బల్లగుడ్డ అయిందో ఆమెకే తెలియదు. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, సరుకు పట్టుకుపోతాడు. ఒకప్పుడు ఆడవాళ్లు కూడా ఏజెంట్లుగా తిరిగేవారు, లేసు అమ్ముకొచ్చేవారు. ఎగుమతుల్లో లాభం కనిపించాక ఆ చోటు మగవాళ్లకు పోయింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలేది ఇదే. లేసు మహిళల ‘ఓర్పు’ను మెచ్చుకునే వ్యాసాలు ఈ మలుపు దగ్గర ఆగవు.

తిరుగుదారి నెమ్మదిగా పడింది. 1982లో డ్వాక్రా పథకం మొదలైంది, 90ల్లో పొదుపు సంఘాలు ఊపందుకున్నాయి. పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం 1995లో వచ్చింది. ఆ పునాది మీదే లేసు అల్లే మహిళల సంఘాలు కలిసి ‘అలంకృతి’ సమాఖ్యగా ఏర్పడ్డాయి, లేసు పార్కూ వచ్చింది. ఇక్కడ నాయకత్వం అంటే వేదికెక్కి మాట్లాడటం కాదు. ఆర్డరు తీసుకునేటప్పుడే దారం ఖర్చు, అల్లే గంటలు లెక్క కట్టడం, శాంపిల్ చూసి ఎవరికి ఏ ముక్క ఇవ్వాలో తేల్చడం, కొలత తప్పిన ముక్కను పక్కింటి ఆమెదైనా సరే విప్పించడం. చుట్టరికాల మధ్య ఆ చివరిది అన్నిటికన్నా కష్టం.

చైనాలో యంత్రాలపై చేసిన లేసు వచ్చి ధర తగ్గించింది. 2020లో కరోనాకు విదేశీ ఆర్డర్లు ఆగాయి. సంఘంలో పొదుపు ఉన్నవాళ్లకు అప్పైనా పుట్టింది. విడిగా ఏజెంటు కింద అల్లేవాళ్లకు దారమే రాలేదు.

ఇక జీఐ. 1999 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ పదేళ్లే, తర్వాత పునరుద్ధరించుకోవాలి. పైగా గుర్తింపు ఊరికి వచ్చినంత మాత్రాన అల్లేవాళ్లందరికీ దానంతటదే హక్కు రాదు. ఉత్పత్తిదారులు ‘అధీకృత వినియోగదారులు’గా విడిగా నమోదు కావాలి. ఆ జాబితాలో ఎగుమతిదారుల పేర్లు ఎన్ని, అల్లే ఆడవాళ్ల పేర్లు ఎన్ని అన్నది సంఘాలు ఇప్పుడే పట్టుబట్టి అడగాల్సిన లెక్క.