పోచంపల్లి చీర పట్టులోకి మారినప్పుడే ఈ గొడవ మొదలైంది

పెళ్లిళ్ల సీజన్ రాగానే డూప్లికేట్ పోచంపల్లి గొడవ మళ్లీ లేచింది. అచ్చు వేసిన పాలిస్టర్‌ను మా ఊరి పేరుతో అమ్ముతున్నారని నేతన్నలు అంటున్నారు. షాపులవాళ్లేమో జనం అడిగిన ధరలో పెడుతున్నామంటున్నారు. వినోబా, భూదానం సంగతి ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు కాబట్టి అటు పోను.

నా లెక్కలో అసలు మలుపు 1970 దరిదాపుల్లో ఉంది. చిటికి కట్టి, అంటే దారానికి ముడులు వేసి, రంగులు అద్దే పని అంతకుముందే చీరాల వైపు నుంచి తేలియా రుమాళ్లతో ఇటు వచ్చింది. ఆముదపు కాయల బూడిద, నూనె పట్టించిన నూలుతో నేసిన ఆ ఎర్రటి, నల్లటి రుమాళ్లు అరబ్బు దేశాలకు పోయేవి, అక్కడ మగవాళ్లు తలకు చుట్టుకునేవాళ్లు. మన ఆడవాళ్లు కట్టింది ముతక నూలు చీరలే. మా అమ్మమ్మ చివరిదాకా గోచి పెట్టే కట్టింది, నాట్లేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు అడ్డం రాకుండా. రుమాళ్ల బేరం తగ్గాక ఆ డిజైన్లు నూలు చీర మీదికి వచ్చాయి. తర్వాత చేతివృత్తుల కోసం పనిచేసిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో ఇద్దరు కుర్రాళ్లు బెనారస్ పోయి పట్టు నేత నేర్చుకొచ్చారని పోచంపల్లిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

పట్టు వచ్చాక మగ్గాలకు కూలి గిట్టింది, కాదనను. కానీ రోజూ కట్టుకునే చీర చోటు ఖాళీ అయింది, ఆ చోట్లోకి నైలెక్స్, పాలిస్టర్ వచ్చి కూర్చున్నాయి. చీర ఊళ్లో ఆడవాళ్ల ఒంటి మీది నుంచి బీరువాల్లోకి పోయింది, అదీ కొనగలిగినవాళ్ల బీరువాల్లోకి. డిజైన్ మీద ఇష్టం మాత్రం ఎవరికీ పోలేదు. ఇవాళ అచ్చు చీర కొంటున్నది ఆ ఇష్టం ఉండి డబ్బు లేనివాళ్లే, వాళ్లను నేను తప్పుపట్టను.

తప్పు పేరు దగ్గర ఉంది. పోచంపల్లి పేరులో ఏముందో తెలియాలంటే ఆసు, అంటే నేతకు ముందు దారం చుట్టే పని, చూడాలి. అర్ధచంద్రంలా ఉండే చట్రానికి మేకులు ఉంటాయి, ఒక్కో మేకు చుట్టూ దారం తిప్పుకుంటూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి, ఆ పని చేసింది ఇంటి ఆడవాళ్లే. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం వాళ్లమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేకనే 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆసు అయ్యాక రబ్బరు ముక్కలతో ముడులు, ఒక్కో రంగుకు మళ్లీ ముడులు, అప్పుడు గానీ మగ్గం ఎక్కదు. పుట్టపాకలో అయితే నిలువు దారం పడుగుకూ, అడ్డ దారం పేకకూ రెండింటికీ ముడులు కట్టి రంగులు అద్దుతారు.

చట్టం లేదా అంటే ఉంది. 1985లో కేంద్రం చట్టం చేసింది, దాని కింద 22 రకాలు చేనేతకే అని జాబితా వచ్చింది, మరమగ్గాలవాళ్లు కోర్టుకెక్కితే 1993లో సుప్రీంకోర్టు చట్టాన్నే నిలబెట్టింది. ఆ తర్వాత జాబితా 11కి కుదించుకుపోయింది. ఆ రక్షణ కూడా నేతకే, గుడ్డ మీద అచ్చు వేసి అదే డిజైన్ దించేస్తే దాని దగ్గర సమాధానం లేదు. 2004-05లో వచ్చిన జీఐ (భౌగోళిక) గుర్తింపు కాపాడేది పేరును, అది అమలు కావాల్సింది షాపు కౌంటర్ దగ్గర.

గద్వాల కొంచెం నిలదొక్కుకుంది. అక్కడ ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, రెండూ కలిసే కుట్టు మగ్గం మీదే పడుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది, అచ్చుకు అది అందదు.

పోయిన వారం నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక షాపులో 700 రూపాయల చీర చూశాను, మీద ‘పోచంపల్లి సిల్క్’ అని స్టిక్కర్. అసలుది రెండు వైపులా ఒకేలా ఉంటుంది, రంగు అంచులు కొద్దిగా చెదిరి ఉంటాయి. మడత తిప్పితే వెనక రంగు వెలిసినట్టు పాలిపోయి ఉంది. పక్కనే ఒకామె కూతురి కోసం అదే చీర పట్టుకుని “పోచంపల్లేనా బాబూ?” అని అడిగింది.

“పోచంపల్లే అక్కా, చూడు, స్టిక్కర్ ఉంది” అన్నాడు కుర్రాడు.