ఆన్‌లైన్ స్పీచ్ థెరపీ: మన సరిహద్దు ఊళ్లలో రోజూ వినిపించే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కాశీనగరం, జయపురం, బరంపురం. స్పీచ్ థెరపిస్టుగా నేను చూసే కుటుంబాల్లో ఎక్కువ ఒడిశా వైపున్న ఈ ఊళ్లవే. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, బడిలో ఇంగ్లీషు. పిల్లలకు మాటలు ఆలస్యమైనా, పెద్దవాళ్లకు పక్షవాతం వచ్చి మాట పడిపోయినా వీళ్లకు ముందు తట్టేది వైజాగే. పొద్దున్నే రైలెక్కి, ఓపీ చీటీ రాయించుకుని, అరగంట థెరపీ చేయించుకుని, రాత్రికి ఇల్లు చేరాలి. ఆ రోజు కూలి పోయినట్టే. వారానికి రెండుసార్లు రమ్మంటే ఎన్నాళ్లు వెళ్లగలరు? రెండు మూడు నెలలకు మానేస్తారు. స్పీచ్ థెరపీ నెలల తరబడి సాగాల్సిన పని కాబట్టి మానేసిన చోటే నష్టం మొదలవుతుంది.

ఈ దూరాన్ని వీడియో కాల్లో జరిగే ఆన్‌లైన్ థెరపీ చాలావరకు తగ్గించింది. ఇది కోవిడ్ రోజుల్లో పుట్టిన ఏర్పాటని చాలామంది అనుకుంటారు. అమెరికన్ స్పీచ్ లాంగ్వేజ్ హియరింగ్ అసోసియేషన్ 2005లోనే దీన్ని సరైన సేవా విధానంగా ఒప్పుకుంది. అయినా మొదలుపెట్టే ముందు అందరూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. వాటిలో కొన్ని నిజమైన సందేహాలు, కొన్ని మాత్రం పిల్లల విలువైన కాలాన్ని తినేసే అపోహలు.

అపోహ: "ఫోన్ చూపించొద్దని మీరే అంటారు, మళ్లీ ఫోన్లోనే థెరపీ అంటారు. ఇదెక్కడి న్యాయం మేడమ్?"

ఈ ప్రశ్న అడిగిన తల్లిదండ్రులంటే నాకు గౌరవం. పిల్లాడి స్క్రీన్ గురించి ఆలోచిస్తున్నారన్నమాట. ఏడాదిలోపు పిల్లలకు స్క్రీన్ అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు కూడా రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 18 నెలల లోపు వాళ్లకు స్క్రీన్ వద్దంటూనే వీడియో కాల్‌ను మినహాయించింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. కార్టూన్ పిల్లాడి కోసం ఆగదు, వాడు నవ్వితే తిరిగి నవ్వదు. వీడియో కాల్లో ఉన్న మామ్మ ఆగుతుంది, నవ్వుతుంది.

అసలు విషయం ఇంకొకటుంది. చిన్నపిల్లల ఆన్‌లైన్ థెరపీలో పిల్లాడు ఫోన్ చూడనక్కర్లేదు. గుణుపురంలో ఒకింట్లో సెషన్ ఎలా జరుగుతుందో చెబుతాను. ఫోన్‌ని నేలమీద పప్పు డబ్బాకు ఆనించి పెడతారు. రెండున్నరేళ్ల బాబు, వాళ్లమ్మ చాపమీద ఎదురెదురుగా కూర్చుంటారు. మూత బిగించిన సీసాలో మరమరాలు. బాబు సీసా అందుకుని తిప్పుతాడు, మూత రాదు. తల్లి అలవాటుగా అంటుంది, "ఏంటి కావాలి? చెప్పు. మరమరాలు అను. అను నాన్నా." నేను ఇవతల నుంచి, "అమ్మా, ఇప్పుడేమీ అడక్కండి. వాడి కళ్లలోకి చూసి మనసులో ఐదు లెక్కపెట్టండి" అంటాను. రెండు, మూడు... బాబు తలెత్తి తల్లి ముఖం చూస్తాడు. సీసా ఆమె చేతిలో పెట్టి "తీ" అంటాడు. "తీ! మూత తీద్దాం!" అని ఆమె వెంటనే తీస్తుంది. ఆ నలభై నిమిషాల్లో బాబు నా వైపు చూసింది తక్కువ. నేను నేర్పింది తల్లికి. ఆమె ఆ పద్ధతిని స్నానం చేయించేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు, చెప్పులు తొడిగేటప్పుడు వాడుకుంటుంది. వారంలో నా చేతిలో ఉండేది ఒకట్రెండు గంటలు, మిగతా కాలమంతా ఆమె చేతిలోనే ఉంటుంది.

అందుకే "మీరు పిల్లాణ్ణి చూసుకోండి, ఈలోగా నేను వంట చేసుకుంటాను" అనే ఇంటికి ఆన్‌లైన్ థెరపీ పనికిరాదు. మొహమాటపడకుండా ఈ మాట మొదటిరోజే చెప్పేస్తాను. అమ్మే కూర్చోవాలని లేదు. నాన్న, మామ్మ, పెద్దమ్మ, ఎవరైనా సరే, రోజూ బిడ్డతో గడిపేవాళ్లు కూర్చోవాలి.

అపోహ: "చప్పుడు చేస్తే తిరుగుతున్నాడు కదా, చెవులు బాగానే ఉన్నాయి. ముందు థెరపీ మొదలుపెట్టండి."

ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. మాటలు ఆలస్యమైన ప్రతి బిడ్డకూ ముందు వినికిడి పరీక్ష జరగాలి. అది ఆన్‌లైన్లో అయ్యే పని కాదు. పళ్లెం కింద పడితే తిరిగి చూసే పిల్లాడికి కూడా 'స', 'శ' లాంటి సన్నని ధ్వనులు అందకపోవచ్చు. తలుపు చప్పుడు వినిపిస్తుంది, మాట సగమే వినిపిస్తుంది. తరచూ జలుబు చేసే పిల్లల చెవుల్లో నీరు చేరి వినికిడి తగ్గడమూ మామూలే. లోపలి చెవి పనితీరును ఓఏఈ పరీక్ష చూస్తుంది. శబ్దం నరం మీదుగా మెదడు దాకా చేరుతోందా అన్నది బేరా పరీక్ష చూస్తుంది. రెండిటికీ సూదులుండవు, నొప్పి ఉండదు. బిడ్డ నిద్రపోతే చాలు. పుట్టిన నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా చికిత్స మొదలవ్వాలన్నది ప్రపంచమంతా పాటించే లెక్క. మేనరికం పెళ్లిళ్లున్న కుటుంబాల్లో పుట్టుకతో వచ్చే వినికిడి లోపం ఎక్కువ కాబట్టి, మన వైపు ఇంకా జాగ్రత్త కావాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల లోపు పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం. జిల్లా ప్రధాన ఆసుపత్రుల్లో ఉండే డీఈఐసీలు, అంటే పిల్లల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రాలు, దానికిందివే. అంగన్‌వాడీకి వచ్చే ఆ పథకం వైద్య బృందానికి "మా బాబుకి మాటలు రాలేదు" అని చెప్పి పేరు రాయించండి. వాళ్లిచ్చే చీటీతో జిల్లా ఆసుపత్రికి వెళ్లండి. ఆ ఒక్క ప్రయాణం తప్పదు.

అపోహ: "వాళ్ల నాన్నకీ నాలుగేళ్లకే మాటలొచ్చాయి. వస పోస్తున్నాం, వచ్చేస్తాయిలెండి."

ఏడాదికి మొదటి మాట, రెండేళ్లకు సుమారు యాభై మాటలు, "అమ్మా రా", "పాలు వద్దు" లాంటి రెండు మాటల జోడింపులు రావాలి. ఆలస్యంగా మొదలుపెట్టి అందుకునే పిల్లలు నిజంగానే ఉన్నారు. అయితే రెండేళ్లకు మాటల్లేని పిల్లల్లో ఎవరు అందుకుంటారో, ఎవరు వెనకబడిపోతారో ఆ వయసులో చూసి చెప్పడం కష్టం. కాబట్టి ఆగి చూడటం కన్నా మొదలుపెట్టడం మేలు. అవసరం లేదని తేలితే మానేస్తాం, దానివల్ల బిడ్డకు జరిగే నష్టమేమీ లేదు. వచ్చిన మాటలు పోతున్నా, పిలిస్తే పలక్కపోతున్నా, వేలుపెట్టి చూపించకపోతున్నా ఏ వయసైనా సరే వెంటనే చూపించండి.

వస కొమ్ము అరగదీసి నాలుకకు రాయడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. పెద్దవాళ్ల ప్రేమను నేను తప్పుపట్టను. కానీ వస మాటలు తెప్పిస్తుందనడానికి ఆధారం లేదు. అందులోని బీటా అసరోన్ అనే పదార్థం వల్ల అమెరికా 1968లోనే ఆహారంలో వస వాడకాన్ని నిషేధించింది. పసిబిడ్డలకు వాంతులవుతాయి కూడా. దయచేసి ఆపండి.

నాలుక కింద నరం కోయిస్తే మాటలొస్తాయన్నది మరో నమ్మకం. నాలుక కింది పొర బిగువుగా ఉంటే పాలు తాగడం కష్టం కావచ్చు, కొందరికి ఒకట్రెండు అక్షరాలు తేడాగా పలకవచ్చు. అసలు మాటలే రాకపోవడానికి అది కారణం కాదు.

అపోహ: "ఇంట్లో తెలుగు, బయట ఒడియా. రెండు భాషల మధ్య పిల్లాడు తికమక పడుతున్నాడు."

మన జిల్లాల్లో అన్నిటికన్నా ఎక్కువ హాని చేస్తున్నది ఈ అపోహే. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు. "అమ్మా, పాణి ఇయ్యి" అన్న పిల్లాడు తికమక పడట్లేదు. తన దగ్గరున్న మాటల్లో అందినదాన్ని వాడుకుంటున్నాడు. రెండు భాషలు వినే పిల్లలందరూ చేసే పనే అది. నేను మాటలు లెక్కపెట్టేటప్పుడు తెలుగువి, ఒడియావి కలిపి లెక్కపెడతాను. తెలుగులో ఇరవై, ఒడియాలో ముప్ఫై ఉంటే అతనికి యాభై ఉన్నట్టే. ఒక భాషలోనే తక్కువుంటే ఆ భాష తక్కువ వింటున్నాడని అర్థం. రెండిట్లోనూ తక్కువుంటే అప్పుడు నిజమైన ఆలస్యం ఉన్నట్టు.

బడిలో ఎవరో చెప్పారని ఇంట్లో తెలుగు మానేసి, వచ్చీరాని ఇంగ్లీషులో "కమ్, సిట్, ఈట్" అంటున్న తల్లిదండ్రుల్ని చూస్తే నాకు బాధేస్తుంది. ఆ ఇంట్లో మామ్మ మాట్లాడటమే మానేస్తుంది. కథలు ఆగిపోతాయి, పాటలు ఆగిపోతాయి. బిడ్డ చెవిన పడే మాటలు సగానికి తగ్గుతాయి. మీకు ఏ భాషలో కబుర్లు తడుముకోకుండా వస్తాయో ఆ భాషలోనే బిడ్డతో మాట్లాడండి.

ఇక్కడ ఆన్‌లైన్‌కు ఒక పెద్ద మేలుంది. మల్కన్‌గిరిలో ఉన్న తెలుగు కుటుంబం వైజాగ్‌లోనో సికింద్రాబాద్‌లోనో ఉన్న తెలుగు థెరపిస్టును ఎంచుకోవచ్చు. దగ్గర్లో ఉన్నారు కదా అని తమ భాష రానివాళ్లతో సర్దుకోనక్కర్లేదు. అక్షరాల తేడాలు వినడానికి భాష తెలిసినవాళ్లే కావాలి. మూడేళ్ల పిల్ల "రైలు"ను "లైలు" అంటే కంగారు వద్దు, 'ర' ఆలస్యంగా వచ్చే అక్షరమే.

అపోహ: "పక్షవాతం వచ్చి ఏడాదైంది, ఇక మాట రాదు. పెద్దాయన ఫోన్లో ఏం నేర్చుకుంటారు?"

మొదటి నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, నిజమే. తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. ఏడాది దాటాక మొదలుపెట్టి మెరుగైనవాళ్లు ఉన్నారు. మెదడు ఎడమవైపు దెబ్బతిని మాట పోయినవాళ్లలో తెలివి పోలేదని ఇంట్లోవాళ్లు గుర్తించడమే మొదటి మెట్టు. రిటైరైన ఒక రైల్వే ఉద్యోగికి కాఫీ గ్లాసు చూపిస్తే దాని పేరు రాదు. "ఆదివారం, సోమవారం" అని నేను మొదలుపెడితే శనివారం దాకా ఆయనే గడగడా చెప్పేస్తారు. వరసగా అలవాటైన మాటలు, పాటలు, శ్లోకాలు చాలామందిలో అలా మిగులుతాయి. థెరపీకి అదొక ఆసరా.

ఆయన భార్యకు ఇంకో దిగులు. "మేడమ్, ఈయన తెలుగు మర్చిపోయి ఒడియాలో మాట్లాడుతున్నారు" అని. ఉద్యోగం పొడుగునా ఒడియాలో మాట్లాడిన మనిషికి ఆ భాష ముందుగా తిరిగి రావడంలో వింత లేదు. రెండూ కలిసి వచ్చేవాళ్లుంటారు, ఒకటి ముందూ ఒకటి వెనకా వచ్చేవాళ్లుంటారు. ఏ భాషలో మాట వచ్చినా స్వీకరించండి, సరిదిద్దకండి. "నా పేరు చెప్పండి, చెప్పండి" అని పరీక్ష పెట్టకండి. అవును, కాదు అని తలూపితే సరిపోయే ప్రశ్నలడగండి. టీవీ ఆపండి. ఒకేసారి ఇద్దరు మాట్లాడకండి.

పార్కిన్సన్స్ (వణుకు జబ్బు) వల్ల గొంతు సన్నబడినవాళ్లకు ఎల్ఎస్‌వీటీ లౌడ్ అనే పద్ధతిలో వారానికి 4 రోజుల చొప్పున 4 వారాలు, మొత్తం 16 సెషన్లు చేయాలి. నాలుగు వారాల పాటు వారానికి నాలుగు రోజులు వైజాగ్ వెళ్లి రావడం ఎవరి తరమూ కాదు. వీడియోలో చేసినా ఎదురుగా చేసినంత ఫలితం ఉందని పరిశోధనల్లో తేలింది.

అపోహ: "నత్తి భయం వల్ల వస్తుంది, పక్కవాళ్లను చూసి అంటుకుంటుంది."

రెండూ నిజం కావు. మెదడులో మాటను నడిపే తీరులో తేడా వల్ల వస్తుంది, కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా కనిపిస్తుంది. "ఆగి, ఊపిరి పీల్చుకుని చెప్పు" అనకండి. వాడు చెప్పేది పూర్తిగా వినండి. ఆన్‌లైన్లో బాగా కుదిరే సమస్యల్లో ఇదొకటి.

అపోహ: "అన్నీ ఆన్‌లైన్లోనే అయిపోతాయట కదా?"

కావు. మింగేటప్పుడు దగ్గొస్తున్నా, అన్నం తినగానే గొంతులో గరగర వినిపిస్తున్నా ముందు ఆసుపత్రికి వెళ్లాలి. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. మూడు నాలుగు వారాలు దాటినా గొంతు బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు స్వరపేటికను చూశాకే వాయిస్ థెరపీ. బీడీ, చుట్ట, ఖైనీ అలవాటున్నవాళ్లు ఒక్కరోజు కూడా ఆలస్యం చేయొద్దు.

ఎవరి దగ్గర చేయించుకుంటున్నారో కూడా చూసుకోండి. స్పీచ్ థెరపిస్టుకు బీఏఎస్ఎల్‌పీ లేదా ఎంఏఎస్ఎల్‌పీ చదువు, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన సీఆర్ఆర్ (రిజిస్ట్రేషన్) నంబరు ఉండాలి. అడగడానికి సంకోచించకండి, మంచి థెరపిస్టు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు. "మూడు నెలల్లో మాటలు గ్యారంటీ" అని డబ్బు మొత్తం ముందే కట్టమనేవాళ్లకు దూరంగా ఉండండి. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరు.

నెట్‌వర్క్ గురించి కంగారు వద్దు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్న మామూలు ఫోన్‌తో నలభై నిమిషాల సెషన్ జరిగిపోతుంది. కొండ ఊళ్లలో సిగ్నల్ తెగిపోతే, మీరు బిడ్డతో ఆడుతున్న వీడియో తీసి పంపండి. నేను చూసి వాయిస్ మెసేజ్‌లో చెబుతాను. కొన్ని ఇళ్లతో ఇలాగే నడిపిస్తున్నాను.

మొదటి సెషన్‌కు వినికిడి పరీక్ష రిపోర్టు, పాత చీటీలు దగ్గర పెట్టుకోండి. బిడ్డ నిద్రలేచి, కడుపునిండా తిన్న వేళ ఎంచుకోండి. ముందురోజు బిడ్డ తన మానాన తాను ఆడుకుంటుండగా రెండు నిమిషాల వీడియో తీసి పంపండి. వాడికి తెలియకుండా తీయండి, "హాయ్ చెప్పు" అని అడక్కండి.