మూడో రోజు ఉప్పు

చిరంజీవులు మా మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఎండలు మండిపోతున్నాయి. నాలుగు రోజులుగా పొద్దున్నే మామిడికాయల బండి మన వీధిలోనే ఆగుతోంది. మీ నానమ్మ రోజూ ఒక కాయ కోయించి, టెంక ముదిరిందో లేదో చూసి వెనక్కి పంపుతోంది.

మొన్న రాత్రి మీలో రెండో మనవరాలు ఫోన్ చేసింది. ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిందట. అన్నీ బాగానే చెప్పి ఒక్కచోట ఆగిపోయిందట. "మీ పనిలో మేనేజరు తప్పు పడితే ఎలా తీసుకుంటారు?" అని అడిగారట. "పాజిటివ్‌గా తీసుకుంటానండీ" అందట. "అలా జరిగింది ఒకటి చెప్పండి" అన్నారట. అంతే, నోరు పెగల్లేదు. "ఏం చెప్పాల్సింది తాతయ్యా?" అని అడిగింది. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు మీలో ప్రతివాళ్లకూ ఈ ప్రశ్న ఎదురవుతుంది కాబట్టి అందరూ చదవండి.

ముందు ఆవకాయ సంగతి చెప్పాలి.

మా నాయనమ్మ ఆవకాయ పెట్టే రోజు ఇంట్లో తడి చెయ్యి కనిపిస్తే ఊరుకునేది కాదు. కడిగిన కాయల్ని తుడిచి, మంచం మీద పాత పంచె పరిచి ఆరబెట్టేవాళ్లం. మా బాబాయి పెద్ద కత్తిపీట ముందు కూర్చుని టెంకతో సహా ముక్కలు కొట్టేవాడు. జీడి తీసేసి, టెంకను అంటుకున్న పల్చటి పొరను గోటితో లాగి, ముక్కను పొడిగుడ్డతో తుడవడం పిల్లల పని. ఆ పొర ఉల్లిపొరలా జారిపోయేది. సాయంత్రానికి గోళ్ల సందులు నల్లబడి చురుక్కుమనేవి. ఆవపిండి, కారం, దంచిన కల్లుప్పు కొలిచి కలిపి, ముక్కల్ని నూనెలో ముంచి, పిండిలో దొర్లించి జాడీకెత్తేది నాయనమ్మ. జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టేది.

మూడో రోజు ఆ వాసెన విప్పేది. అసలు పని ఆ రోజుది. మొదటి రోజు రుచి చూస్తే ఏమీ తెలియదు. ఉప్పు ఇంకా రవ్వరవ్వగానే ఉంటుంది, ముక్కలోకి దిగి ఉండదు. ఆవపిండి కూడా పొడిగా ఉన్నంతసేపూ నోరు మూసుకునే ఉంటుంది, తడి తగిలాకే దాని ఘాటు లేస్తుంది. మూడు రోజుల్లో ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది, ఎర్రటి ఊట పైకి వస్తుంది. అప్పుడు అడుగునుంచి తిరగేసి కలిపి నోట్లో వేసుకుంటే ఉప్పు చాలిందో లేదో తెలుస్తుంది. చాలకపోతే ఆ రోజే వేసుకోవచ్చు.

నాకు తొమ్మిదో ఏట, ఆ మూడో రోజున నాయనమ్మకు జ్వరం. నాలుక చేదుగా ఉందని నన్ను పిలిచి, వేడన్నంలో కలిపి ముద్ద చేతిలో పెట్టింది. ఉప్పు తక్కువైందని నా నాలుకకు తెలిసింది. కానీ జ్వరంలో లేచి కూర్చున్న ఆవిడ ముఖం చూసి "బ్రహ్మాండంగా ఉంది నాయనమ్మా" అన్నాను. వాసెన కట్టేసింది. శ్రావణంలో విప్పితే పైనంతా తెల్లటి బూజు. పదిమందికి ఏడాది పొడుగునా రావలసిన ఆవకాయను పెరట్లో గొయ్యి తీసి పారబోశారు. నన్ను తిట్టలేదు. "ఆ రోజు నీకు తెలిసిందా నాన్నా?" అని మాత్రం అడిగింది. తెలిసిందని తలూపాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు అడ్డుపడుతుంది.

మరుసటి ఏటి నుంచి ఆవిడ "బాగుందా?" అని ఎవర్నీ అడగలేదు. "ఉప్పు ఇంకా ఎంత వెయ్యమంటారు, గుప్పెడా, అరగుప్పెడా?" అని అడిగేది. అలా అడిగితే ఇంకెవరికీ మొహమాటం ఉండేది కాదు.

మేనేజరు పట్టే తప్పు ఆ మూడో రోజు ముద్ద లాంటిదమ్మా. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్నవాళ్లకు నువ్వు మంచిదానివా కాదా అన్నది అక్కర్లేదు. ఉప్పు తక్కువైందంటే ఈ అమ్మాయి ముఖం మాడ్చుకుంటుందా, నీ నాలుకే బాగాలేదంటుందా, తలూపి అలాగే వాసెన కట్టేస్తుందా, గుప్పెడు వేసి మళ్లీ కలుపుతుందా? వాళ్లు చూసేది అది. అందుకే "ఎలా తీసుకుంటారు" దగ్గర ఆగకుండా "జరిగింది చెప్పండి" అంటారు. పాజిటివ్‌గా తీసుకుంటానని ఎవరైనా అంటారు. కలిపిన చేతికి మాత్రం పిండి అంటుకుని ఉంటుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పింఛను ఫైలు మీద రెండు పేజీల నోట్ రాసి, మురిసిపోతూ పైకి పంపాను. మా సూపరింటెండెంటు మార్జిన్లో ఎర్ర సిరాతో "ఏ రూలు ప్రకారం?" అని మూడుచోట్ల రాసి తిప్పి పంపాడు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ తర్వాత రూళ్ల పుస్తకం తీస్తే మూడింట్లో రెండు చోట్ల నేను రాసింది తప్పు. ఆ ఫైలు అలాగే వెళ్లి ఉంటే ఒక ముసలావిడ పింఛను నెలల తరబడి ఆగిపోయేది. అదే ఆఫీసులో ఇంకో అధికారి ఎప్పుడూ నవ్వుతూ భుజం తట్టేవాడు. ఆయన నా గురించి ఏం రాసిపెట్టాడో నాకు ఈ రోజుకీ తెలియదు.

అవును, అప్పట్లో మా గురించి ఏటేటా రహస్య నివేదిక రాసేవారు. మరీ చెడ్డమాట ఉంటేనే మాకు తెలియజేసేవారు, మిగతాది బీరువాలో ఉండేది. సరిహద్దు రోడ్ల విభాగంలో దేవ్ దత్ అని ఒక ఇంజనీరు ఉండేవాడు. ప్రమోషన్‌కి వరసగా ఐదేళ్లూ "వెరీ గుడ్" ఉండాలి. ఆయనకు నాలుగేళ్లు ఉంది, 1993-94కి మాత్రం "గుడ్" అని పడింది. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. ప్రమోషన్ ఆగింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. నివేదికలో ఏ మాట ఉన్నా ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని 2008 మేలో కోర్టు చెప్పింది. మరుసటి ఏడు కేంద్ర ప్రభుత్వం నివేదిక మొత్తం ఉద్యోగికి చూపించాలని, అభ్యంతరం ఉంటే 15 రోజుల్లో చెప్పుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. నా తప్పేమిటో నాకు చెప్పండి అని అడగడానికి ఒక మనిషి అంత దూరం వెళ్లాల్సి వచ్చింది. ఎవరైనా నీ ముఖాన చెబితే చిన్నబుచ్చుకునే ముందు ఆయన్ని తలుచుకో.

ఇప్పుడు నీ సంగతి. ఇంటర్న్‌షిప్ చేస్తున్నప్పుడు నువ్వే నాకు చెప్పావు, గుర్తుందా? "నీ రిపోర్టు చదివితే ఏం చేశావో తెలుస్తోంది, ఎందుకు చేశావో తెలియడం లేదు" అన్నాడు మీ గైడు. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు వెళ్లి "ఏ పేజీలో సార్?" అని అడిగావు. నాలుగో పేజీ తీసి చూపించాడు. అప్పటి నుంచి ప్రతి రిపోర్టుకీ మొదట నాలుగు వాక్యాల్లో కారణం రాయడం మొదలుపెట్టావు. తర్వాతి రిపోర్టును ఆయన టీమందరికీ పంపాడు. ఇంతా చేతిలో పెట్టుకుని "పాజిటివ్‌గా తీసుకుంటాను" అని ఊరుకుంటావా తల్లీ? ఇది ఇలాగే చెప్పు. ఆయన అన్నమాట ఆయన మాటల్లోనే చెప్పు. బాధ కలిగిందని కూడా ఒక్క ముక్కలో చెప్పు, అందులో సిగ్గేం లేదు. "ఏ పేజీలో" అని అడిగిన మాట మాత్రం మరిచిపోవద్దు, మా నాయనమ్మ గుప్పెడా అరగుప్పెడా అన్నట్టే అది. రెండు నిమిషాలు చాలు.

ఇంకా ఏ మేనేజరు కిందా పనిచెయ్యని పిల్లలు ల్యాబులోదో, ఎన్‌సీసీలోదో, హాస్టలు మెస్సు కమిటీలోదో చెప్పండి. నన్నెవరూ ఎప్పుడూ తప్పు పట్టలేదని మాత్రం అనకండి, ఎవరూ నమ్మరు. పాత మేనేజర్ని ఆడిపోసుకోకండి. రేపు తమ గురించీ ఇలాగే చెబుతుందని ఎదుటివాళ్లు అనుకుంటారు.

"ఆయన చెప్పింది తప్పైతే?" అని కూడా అడుగుతారు. రుచి చూసిన మనిషికే జ్వరం ఉండొచ్చు కదా. అప్పుడు కూడా ముందు నువ్వు ఒకసారి రుచి చూడు. నీ లెక్క సరిగ్గానే ఉందని తేలితే, నలుగురిలో కాకుండా విడిగా వెళ్లి కాగితాలు ముందుపెట్టి చెప్పు. కానీ పిల్లలూ, కులం పేరెత్తి, ఆడపిల్లవని, మీ ఊరి యాసని పట్టుకుని అనే మాట ఉప్పూ కాదు, కారమూ కాదు. దాన్ని కలుపుకోవద్దు. రాసిపెట్టుకుని పైవాళ్లకు చెప్పండి, నాకూ చెప్పండి.

ఇంకా చాలా చెప్పాలనుంది కానీ చెయ్యి నొప్పి పుడుతోంది. వచ్చే శుక్రవారం ఇక్కడ ఆవకాయ పెడుతున్నాం. ఆదివారం వాసెన విప్పుతాం. వీలైనవాళ్లు శనివారం రాత్రి బండికి రండి. పొద్దున్నే జాడీ దగ్గర కూర్చుని ఆ ఊట చూడండి, శుక్రవారం పొడిపొడిగా ఉన్న పిండిలోకి అంత రసం ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. మీ నానమ్మ ముద్ద చేతిలో పెడుతుంది. మీ నాలుకకు తెలిసింది తెలిసినట్టు చెప్పి, ఆవిడ ఉప్పు డబ్బా వైపు చెయ్యి చాస్తుందో లేదో చూడండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య