గరిటె ఎవరి చేతిలో ఉండాలి: క్రైస్తవ దానధర్మాల వెనకటి కథ

క్రైస్తవ సంఘంలో దానం గురించి నమోదైన తొలి తగవుల్లో ఒకటి పంపకం దగ్గర వచ్చింది. యెరూషలేములో రోజూ జరిగే వడ్డనలో తమ విధవరాండ్రను పట్టించుకోవడం లేదని సంఘంలోని గ్రీకు మాట్లాడే యూదులు సణిగారు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం ఈ సంగతిని దాచలేదు. పంపకం చూడటానికి ఏడుగురిని ఏర్పరిచారు: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అంటే గరిటె చాలావరకు నష్టపోయినవాళ్ల వైపే వెళ్లింది.

కనికరం ఎంతవరకు అన్న ప్రశ్నకు కొలత యేసు చెప్పిన మంచి సమరయుని ఉపమానంలో ఉంది. దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషి గాయాలకు అతను నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు, పూటకూళ్ల ఇంటికి చేర్చి ఆ రాత్రి తనే చూసుకున్నాడు. మర్నాడు పూటకూళ్లవాడికి రెండు దేనారాలు ఇచ్చాడు. దేనారమంటే అప్పట్లో కూలివాడి ఒక రోజు కూలి. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాటిచ్చాడు. పడినవాడిది ఏ కులం, ఏ ఊరు అని మాత్రం అడగలేదు.

యెరూషలేములోని పేదలకోసం అపొస్తలుడు పౌలు చందా ఎత్తిన పద్ధతి చూడండి. ప్రతి ఆదివారం ఎవరి రాబడిని బట్టి వాళ్లు కొంత తీసి దాచాలి, తాను వచ్చాక హడావుడి పడకూడదు. సొమ్ము మోసుకెళ్లేవాళ్లను సంఘాలే ఎన్నుకోవాలి. ఎవరూ తమను వేలెత్తి చూపకూడదనే ఈ జాగ్రత్త అని కొరింథీయులకు రెండో పత్రిక 8వ అధ్యాయంలో ఆయనే చెప్పాడు.

ధర్మం ఉన్నచోటికి దాన్ని వాడుకునేవాళ్లూ వస్తారు. అందుకే దిదాఖే అనే తొలినాటి బోధనల పుస్తకం దారినపోయే విశ్వాసికి రెండు రోజులు, అవసరమైతే మూడు రోజులు ఆతిథ్యం ఇమ్మంది. ఆపైన ఉండాలంటే పని చేసుకు తినాలి. ఒప్పుకోకపోతే అతను క్రీస్తు పేరుతో వ్యాపారం చేసేవాడే. తిమోతికి రాసిన మొదటి పత్రిక ప్రకారం విధవరాండ్ర జాబితాలో చేరాలంటే 60 ఏళ్లు నిండాలి, బంధువులుంటే ముందు వాళ్లే పోషించాలి. వినడానికి కఠినమే. కానీ ఉన్నది కొంచెమే అయినప్పుడు, ఈ వడపోత లేకుంటే ఏ దిక్కూ లేని మనిషి వంతు వచ్చేసరికి గిన్నె ఖాళీ అవుతుంది.

251లో రోమా బిషప్పు కొర్నేలియు రాసిన లేఖ ప్రకారం అక్కడి సంఘం 1,500 మందికి పైగా విధవరాండ్రను, ఆపన్నులను పోషించేది. సుమారు 362లో, క్రైస్తవాన్ని వదిలేసి పాత దేవతలను కొలిచిన రోమా చక్రవర్తి జూలియన్, క్రైస్తవులు తమ పేదలతోపాటు మన పేదలకూ పెడుతున్నారని తన పూజారిని మందలించాడు. తర్వాత కొన్నేళ్లకు కైసరయ (ఇప్పటి టర్కీలో ఉంది) ఊరి వెలుపల బాసిల్ అనే క్రైస్తవ బిషప్పు రోగులకు, కుష్ఠువారికి, బాటసారులకు వైద్యులతో సహా ఒక ఆశ్రయం కట్టించాడు.

మధ్యయుగాల్లో దానం ఇచ్చేవాడి ఆత్మ రక్షణ లెక్కలోకి బాగా జరిగిపోయింది. సత్క్రియలతో రక్షణ కొనలేమన్న జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథరు బోధ దాన్ని మళ్లీ పొరుగువాడి అవసరం వైపు తిప్పింది. 1523లో జర్మనీలోని లైస్నిగ్ పట్టణం పేదల సాయానికి, సంఘం ఖర్చులకు ఒక ఉమ్మడి డబ్బు పెట్టె పెట్టింది. నాలుగు తాళాలు, నాలుగు వర్గాలకు తలొక తాళంచెవి: కులీనులు, పట్టణ మండలి, పౌరులు, రైతులు. ధర్మకర్తలు పదిమంది. కాగితం మీద లోటు లేదు. పెట్టెలోకి రావలసిన పాత ధర్మాదాయాలను మాత్రం పట్టణ మండలి వదిలిపెట్టలేదు.